మగ చేపలో అండకణాలు: రెండు పరిశోధనల విమర్శనాత్మక పరిశీలన

9.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• మంచినీటి చేపల లైంగిక వికాసాన్ని హార్మోన్ల లాంటి కాలుష్యకాలు ఎలా దెబ్బతీస్తాయో వివరించగలుగుతారు.
• బ్రిటన్ నదుల సర్వే, కెనడా సరస్సు ప్రయోగం ఏమి రుజువు చేశాయో, ఏమి చేయలేదో వేరుచేసి చెప్పగలుగుతారు.
• కణం, జీవి, జనాభా అనే మూడు స్థాయుల సాక్ష్యాన్ని విడివిడిగా తూచగలుగుతారు.

9.1 పరిచయం

"మగ చేపలు ఆడ చేపలుగా మారిపోతున్నాయి." ఈ శీర్షికతో వచ్చిన వార్తను మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. ఆ వార్తలో సాధారణంగా మూడు మాటలు ఉంటాయి. గర్భనిరోధక మాత్రలలోని హార్మోను మురుగునీటి ద్వారా నదిలో చేరుతోంది, మగ చేపలు ఆడవవుతున్నాయి, చేపలు అంతరించిపోతున్నాయి. మూడు మాటలూ ఒకే పరిశోధన నుంచి వచ్చినట్లు వినిపిస్తాయి. నిజానికి అవి వేర్వేరు దేశాలలో, వేర్వేరు చేపలపై, వేర్వేరు పద్ధతులతో జరిగిన పరిశోధనల నుంచి వచ్చాయి.

ఈ భాగంలో ఆ పరిశోధనలలో ముఖ్యమైన రెండింటిని పరిశీలిద్దాం. మొదటిది సూసన్ జోబ్లింగ్, జాన్ సంప్టర్, వారి సహచరులు బ్రిటన్ నదులలో చేసి 1998లో ప్రచురించిన సర్వే. రెండవది కరెన్ కిడ్ బృందం కెనడాలోని ఒక సరస్సులో చేసి 2007లో ప్రచురించిన ప్రయోగం. రెండూ గొప్ప పరిశోధనలే. అయితే గొప్ప పరిశోధనను గౌరవించడమంటే అది చెప్పినంతవరకే వినడం, చెప్పని మాటను దాని నోట పెట్టకపోవడం. విమర్శ అంటే తప్పులు వెతకడం మాత్రమే కాదని ఇక్కడ గుర్తుంచుకోండి. ఒక సాక్ష్యం ఎంత బరువు మోయగలదో తూచి చెప్పడమే విమర్శ.

9.2 చేప లింగం ఎందుకు సులభంగా మారుతుంది?

క్షీరదాలతో పోలిస్తే చేపలలో లింగ నిర్ధారణ అంత దృఢమైనది కాదు. పిల్ల చేపలో బీజకోశం మొదట ఆడా మగా కాని దశలో ఉంటుంది. ఆ దశలో శరీరంలో తిరిగే హార్మోన్ల పాళ్లను బట్టి అది అండాశయంగానో ముష్కంగానో వికసిస్తుంది. బయటి నుంచి హార్మోను వస్తే ఆ దారి మళ్లుతుంది. తిలాపియా పెంపకంలో ఈ సూత్రాన్నే వాడుకుంటారు. పిల్లలకు మొదటి మూడు నాలుగు వారాలు మిథైల్ టెస్టోస్టిరాన్ కలిపిన మేత పెడితే దాదాపు అన్నీ మగ చేపలే అవుతాయి. హేచరీలో కావాలని చేసే ఈ పనికి తిరగేసిన రూపమే కలుషిత నదిలో ఎవరూ కోరకుండా జరుగుతుంది.

ఇక్కడ రెండు గుర్తులను వేరుచేసి తెలుసుకోవాలి. మొదటిది విటెల్లోజెనిన్. ఇది గుడ్డు సొనకు మూల పదార్థమైన ప్రోటీను. ఆడ చేపలో అండాశయం విడుదల చేసే ఈస్ట్రోజన్ ఆజ్ఞతో కాలేయం దీన్ని తయారుచేస్తుంది. మగ చేప కాలేయంలోనూ దీని జన్యువు ఉంటుంది, కానీ ఆజ్ఞ అందక నిద్రాణంగా ఉంటుంది. నీటిలో ఈస్ట్రోజన్ ఉంటే మగ చేపలోనూ ఆ జన్యువు మేల్కొంటుంది. అందువల్ల మగ చేప రక్తంలో విటెల్లోజెనిన్ కనిపిస్తే, ఆ చేప ఇటీవల ఈస్ట్రోజన్‌కు గురైందని అర్థం. రెండవది మధ్యలింగ స్థితి. ముష్కం కణజాలం మధ్యలో అండకణాలు కనిపించడం, లేదా శుక్రవాహిక ఉండవలసిన చోట ఆడ చేపకు ఉండే కుహరం ఏర్పడడం దీని లక్షణాలు. మొదటిది కొన్ని రోజులలో కనిపించే రసాయన ప్రతిస్పందన. రెండవది శరీర నిర్మాణంలో వచ్చిన మార్పు. ఈ రెండింటినీ ఒకటిగా చూడకండి.

9.3 మురుగునీటి నుంచి వచ్చిన అనుమానం

1970ల చివర్లో లండన్‌కు ఉత్తరాన ఉన్న లీ నది పరిసరాలలో, మురుగు శుద్ధి కేంద్రాల నీరు చేరే చోట్ల కొన్ని రోచ్ చేపలలో ఆడ, మగ కణజాలం రెండూ కలిసి కనిపించాయి. రోచ్ మన బొచ్చె, శీలావతి చేపల క్రమానికే చెందిన మంచినీటి చేప. తరువాత పరిశోధకులు ట్రౌట్ చేపలను పంజరాలలో ఉంచి, శుద్ధి కేంద్రాల నుంచి బయటికొచ్చే నీటిలో దింపి చూశారు. 1994లో ప్రచురించిన ఫలితాల ప్రకారం వాటి రక్తంలో విటెల్లోజెనిన్ స్థలాన్ని బట్టి 500 నుంచి 1,00,000 రెట్లు పెరిగింది.

మరి ఆ నీటిలో ఉన్నదేమిటి? 1998లో మరొక బృందం ఏడు శుద్ధి కేంద్రాల నీటిని రసాయనికంగా విడగొట్టి పరీక్షించింది. ఈస్ట్రోన్, ఈస్ట్రడయోల్ అనే సహజ హార్మోన్లు అన్నింటిలోనూ దొరికాయి. గర్భనిరోధక మాత్రలలో వాడే కృత్రిమ హార్మోను ఇథినైల్ ఈస్ట్రడయోల్ మూడింటిలో మాత్రమే దొరికింది. సహజ హార్మోన్లు మనుషులందరి శరీరాల నుంచీ వస్తాయి. శరీరం వాటిని నిర్వీర్యం చేసే మరొక అణువును జోడించి విసర్జిస్తుంది. మురుగునీటిలోని బాక్టీరియా ఆ జోడింపును తెంచి, హార్మోనును మళ్లీ చురుకైన రూపంలోకి తెస్తుంది.

అందుచేత నేరమంతా మాత్రదేనని చెప్పే వార్త మొదటి మెట్టులోనే తప్పుతోంది. కృత్రిమ హార్మోను పరిమాణంలో తక్కువే అయినా, సహజ హార్మోన్ల కంటే చేపలపై ఎక్కువ శక్తిమంతంగా పనిచేస్తుంది, నీటిలో ఎక్కువకాలం నిలుస్తుంది. కాబట్టి అది నిర్దోషి కాదు. కానీ ఒంటరి దోషి కూడా కాదు. యార్క్‌షైర్‌లోని ఎయిర్ నదిలో, ఉన్ని కడిగే పరిశ్రమల డిటర్జెంట్ల నుంచి వచ్చిన ఆల్కైల్ ఫినాల్‌లు ప్రధాన కారణంగా తేలాయి. అక్కడ కథలో మాత్రకు ప్రధాన పాత్రే లేదు.

9.4 మొదటి పరిశోధన: బ్రిటన్ నదుల సర్వే

జోబ్లింగ్ బృందం ఎనిమిది నదులలో, శుద్ధి కేంద్రాలకు ఎగువన, దిగువన రోచ్ చేపలను పట్టింది. పోలిక కోసం మురుగునీరు చేరని కొన్ని స్థలాలనూ ఎంచుకుంది. చేపల బీజకోశాలను పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించింది. పోలిక స్థలాలలో మగవిగా ఎంచిన చేపలలో 4 నుంచి 18 శాతం మధ్యలింగ స్థితిలో ఉన్నాయి. దిగువ స్థలాలలో ఈ శాతం చాలా ఎక్కువగా ఉంది. రెండు నదుల దిగువన మగవాటిలో 100 శాతానికి ఈ లక్షణం కనిపించింది.

ఈ సర్వే బలం ఎక్కడుంది? ఒక నదికి పరిమితం కాలేదు. ఉందా లేదా అన్నదానితో ఆగకుండా, మార్పు ఎంత తీవ్రంగా ఉందో కొలిచింది. ప్రయోగశాల తొట్టెలో కాక, చేపలు బతికే నదిలోనే ఈ మార్పు విస్తృతంగా ఉందని చూపింది. నదిలో అంచనా వేసిన ఈస్ట్రోజన్ మోతాదు పెరిగే కొద్దీ మధ్యలింగ స్థితి పెరుగుతుందని ఇదే బృందం 2006లో మరింత పెద్ద సర్వేతో చూపింది.

ఇక బలహీనతలు చూద్దాం. మొదటిది, పోలిక స్థలాలలోనూ శాతం సున్నా కాదు. కాబట్టి దిగువన కనిపించిన మార్పు మొత్తాన్నీ మురుగునీటి ఖాతాలో వేయకూడదు. రెండు అంకెల మధ్య తేడాను మాత్రమే వేయవచ్చు. రెండవది, జనసాంద్రత ఎక్కువగా ఉన్న దేశంలో "ఎగువ" అనే మాటకు పరిమితి ఉంది. ఒక కేంద్రానికి ఎగువ అన్నది ఇంకో కేంద్రానికి దిగువ కావచ్చు. పైగా చేపలు ఒకచోట కదలకుండా ఉండవు. మూడవది, మురుగునీరు రాకముందు ఆ నదులలో పరిస్థితి ఎలా ఉండేదో తెలిపే పాత లెక్కలు లేవు. నాలుగవది అన్నిటికంటే ముఖ్యమైనది. ఇది సహసంబంధం. మురుగునీటిలో ఈస్ట్రోజన్ ఒక్కటే ఉండదు. పురుష హార్మోను పనిని అడ్డుకునే రసాయనాలూ ఈ మార్పులో పాలుపంచుకుంటున్నాయని ఇదే పరిశోధకులు 2009లో గణాంక విశ్లేషణతో సూచించారు. తమ మొదటి వివరణను తామే విస్తరించుకున్న ఆ నిజాయితీ మెచ్చుకోదగినది.

అయితే ఈ సర్వే అడగని ప్రశ్న ఒకటుంది. ఇలా మారిన చేపలు సంతానాన్ని కనగలుగుతున్నాయా? నదిలో చేపల సంఖ్య తగ్గిందా? సర్వే జీవి స్థాయిలో మాట్లాడింది. జనాభా స్థాయి గురించి అది ఏమీ రుజువు చేయలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(అ) మగ చేపలో విటెల్లోజెనిన్ కనిపించడానికి, మధ్యలింగ స్థితికి తేడా ఏమిటి?
(ఆ) పోలిక స్థలాలలో 4–18 శాతం కనిపించడం సర్వే ముగింపును ఎలా ప్రభావితం చేస్తుంది?

9.5 రెండవ పరిశోధన: కెనడా సరస్సు ప్రయోగం

కెనడాలోని వాయవ్య ఒంటారియోలో పరిశోధనల కోసమే కేటాయించిన సరస్సుల ప్రాంతం ఉంది. అక్కడి 260వ నంబరు సరస్సులో కిడ్ బృందం 2001 నుంచి 2003 వరకు మూడు వేసవులు ఇథినైల్ ఈస్ట్రడయోల్‌ను కలిపింది. నీటిలో దాని మోతాదు లీటరుకు 5–6 నానోగ్రాములు. ఈ అంకెను ఊహించుకోవాలంటే, 20 కోట్ల లీటర్ల నీటిలో ఒక్క గ్రాము కలిపారనుకోండి. ప్రయోగానికి ముందూ తరువాతా కూడా చేపలను లెక్కించారు. హార్మోను కలపని ఇతర సరస్సులతో పోల్చారు.

ఫలితం గట్టిది. ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపలో మగవి విటెల్లోజెనిన్ తయారుచేయసాగాయి. వాటి ముష్కాల వికాసం మందగించింది, కొన్నింటిలో అండకణాలు కనిపించాయి. ఆడ చేపలలో అండాల తయారీ కూడా దెబ్బతింది. కొత్త తరం రావడం ఆగిపోయింది. ఆ జాతి ఆ సరస్సు నుంచి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. చిన్న చేపలు తగ్గేసరికి వాటిని తినే లేక్ ట్రౌట్ కూడా ఆహారం లేక క్షీణించింది. హార్మోను కలపడం మానిన కొన్నేళ్లకు మిన్నో జనాభా మళ్లీ కోలుకుంది.

ఇది సర్వే చేయలేని పని చేసింది. ఒకే రసాయనాన్ని, తెలిసిన మోతాదులో, తెలిసిన తేదీ నుంచి కలిపింది కాబట్టి కారణం గురించి సందేహానికి తావు చాలా తక్కువ. కలిపినప్పుడు కూలడం, మానినప్పుడు కోలుకోవడం ఆ వాదనను ఇంకా బలపరిచాయి. వార్తలు తరచు వదిలేసే ఒక విషయాన్ని కూడా ఈ ప్రయోగం చూపింది. నష్టం మగ చేపలకే పరిమితం కాదు. "మగవి ఆడవవుతున్నాయి" అనే శీర్షిక ఆడ చేపలకు జరిగిన హానిని కనబడకుండా చేస్తుంది.

అయినా దీన్ని నదులకు నేరుగా అన్వయించే ముందు మూడు ప్రశ్నలు వేయండి. ఒకటి, మోతాదు. శుద్ధి కేంద్రం గొట్టం నుంచి వచ్చే నీటిలో ఇంత గాఢత దొరికిన సందర్భాలున్నాయి. కానీ నదిలో కలిసి పలుచబడిన తరువాత చాలాచోట్ల అది లీటరుకు ఒక నానోగ్రాము కంటే తక్కువే. రెండు, చేప. ఫాట్‌హెడ్ మిన్నో ఆయుష్షు రెండు మూడేళ్లు. ఒకటి రెండు ప్రజనన రుతువులు విఫలమైతే జనాభా కూలుతుంది. రోచ్ పదేళ్లకు పైగా బతకగలదు. ఒక ఏడాది నష్టాన్ని మరో ఏడాది పూడ్చుకునే అవకాశం దానికి ఉంది. మూడు, హార్మోను కలిపినది ఒకే ఒక్క సరస్సులో. అంత ఖర్చుతో కూడిన ప్రయోగాన్ని పదిచోట్ల చేయమనలేం; కానీ ఒక్కచోట వచ్చిన ఫలితాన్ని అన్నిచోట్లా వచ్చినట్లు రాయకూడదు.

9.6 రెండింటి మధ్య ఖాళీ

ఇప్పుడు వార్తా శీర్షిక దగ్గరికి మళ్లీ వెళదాం. బ్రిటన్ సర్వే నుంచి "మారిన చేపలు", కెనడా ప్రయోగం నుంచి "అంతరించిన చేపలు" తీసుకుని, రెండింటినీ ఒకే వాక్యంగా కుట్టారు. ఆ కుట్టు దగ్గరే ఖాళీ ఉంది. ఆ ఖాళీని పూరించడానికి తరువాత జరిగిన పరిశోధనలే మనకు అసలైన పాఠం.

2009లో ప్రచురించిన ప్రయోగంలో రోచ్ చేపలను గుడ్డు దశ నుంచి ఎదిగేదాకా లీటరుకు 4 నానోగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయోల్‌లో పెంచారు. అన్నీ ఆడ చేపలుగానే ఎదిగాయి. అంటే పూర్తి లింగ మార్పు అసాధ్యం కాదు. దీర్ఘకాలం, తగిన మోతాదు కావాలి. నదులలో దొరికిన మధ్యలింగ చేపలలో చాలావాటి పరిస్థితి ఇది కాదు. వాటి ముష్కంలో కొన్ని అండకణాలు ఉన్నా, అవి మగ చేపలుగానే పనిచేస్తున్నాయి.

2011లో మరొక అధ్యయనం మధ్యలింగ రోచ్‌లను, మామూలు రోచ్‌లతో కలిపి గుడ్లు పెట్టనిచ్చి, పిల్లల డీఎన్ఏ ద్వారా తండ్రి ఎవరో గుర్తించింది. మార్పు స్వల్పంగా ఉన్న చేపలు సంతానం విషయంలో వెనకబడలేదు. బాగా తీవ్రంగా మారిన చేపల ప్రజనన సామర్థ్యం మాత్రం 76 శాతం దాకా తగ్గింది. ఈ ఫలితం మనకు ఒక హెచ్చరిక. "ఇంత శాతం చేపలు మధ్యలింగ స్థితిలో ఉన్నాయి" అనే అంకె ఒక్కటే చాలదు. ఎంత తీవ్రంగా ఉన్నాయో చెప్పని అంకె సగం సమాచారమే.

2014లో ప్రచురించిన జన్యు అధ్యయనం దక్షిణ ఇంగ్లండ్‌లో శుద్ధి కేంద్రాల నీరు ఎక్కువగా చేరే నదులలోని రోచ్ జనాభాలను పరీక్షించింది. బయటి నుంచి వచ్చే చేపలపై ఆధారపడకుండా, తరతరాలుగా ఆ జనాభాలు తమంతట తామే నిలదొక్కుకుంటున్నాయని తేల్చింది. కెనడాలో కూలిన కథ ఇక్కడ పునరావృతం కాలేదు.

దీన్ని చదివి "అయితే ప్రమాదమేమీ లేదు" అనుకోవడం కూడా అంతే తొందరపాటు. జనాభా నిలబడి ఉందనడం వేరు, నష్టం లేదనడం వేరు. మురుగునీరు లేకుంటే ఆ నదిలో ఇంకెన్ని చేపలు ఉండేవో ఆ జన్యు లెక్క చెప్పదు. రోచ్ తట్టుకున్నంత మాత్రాన అదే నదిలోని తక్కువ ఆయుష్షు గల చేపలు తట్టుకుంటాయని అనుకోలేం. మన ముందున్న తీర్పు ఇది: మురుగునీటిలోని హార్మోన్లు మగ చేపల శరీరాన్ని మారుస్తున్నాయన్నది రుజువైంది, తగిన మోతాదులో కృత్రిమ ఈస్ట్రోజన్ ఒక జనాభాను కూల్చగలదన్నది రుజువైంది, నదులలోని చేపలు దీనివల్ల అంతరించిపోతున్నాయన్నది రుజువు కాలేదు.

9.7 ఈ తేడా ఎందుకు ముఖ్యం?

ఇది పరీక్షలో మార్కుల కోసం చేసే సన్నని విభజన కాదు. 2012లో ఐరోపా కమిషన్ నదులలో ఇథినైల్ ఈస్ట్రడయోల్ వార్షిక సగటు లీటరుకు 0.035 నానోగ్రాములు మించరాదని ప్రతిపాదించింది. ఆ పరిమితిని అందుకునేలా ఇంగ్లండ్, వేల్స్‌లలోని శుద్ధి కేంద్రాలను మెరుగుపరచడానికి 2,600 నుంచి 3,000 కోట్ల పౌండ్లు కావచ్చని అదే ఏడాది ఒక అంచనా వెలువడింది. ఆ అంచనా వేసినవారిలో జోబ్లింగ్ కూడా ఉన్నారు. 2013లో చట్టం వచ్చేసరికి ఆ హార్మోనుకు కచ్చితమైన పరిమితి విధించకుండా, గమనించవలసిన పదార్థాల జాబితాలో చేర్చి ఊరుకున్నారు.

ఇలాంటి చోట అతిశయోక్తి రెండు వైపులా హాని చేస్తుంది. చేపలన్నీ అంతరిస్తాయని చెప్పి, అవి అంతరించకపోతే, తరువాత చెప్పే నిజాన్నీ ప్రజలు నమ్మరు. నేరమంతా మాత్రమీద వేస్తే, స్త్రీలను తప్పుపట్టే వాదనకు బలం చేకూరుతుంది. పరిశ్రమలు, పశువుల వ్యర్థాలు, చాలని శుద్ధి వ్యవస్థ పక్కకు తప్పుకుంటాయి. మరోవైపు, అంతరించాయన్న రుజువు దొరికేదాకా ఆగుదామంటే, ఆ రుజువు దొరికే రోజుకు కాపాడటానికి ఏమీ మిగలదు. ఎయిర్ నది మధ్యేమార్గాన్ని చూపింది. అక్కడ పరిశ్రమల నుంచి వచ్చే ఆల్కైల్ ఫినాల్‌లను తగ్గించాక, నీటిలో ఉంచిన చేపలలో ఈస్ట్రోజన్ ప్రభావం తగ్గింది. కారణాన్ని సరిగ్గా గుర్తిస్తే, జాతి కూలేదాకా ఆగకుండానే చర్య తీసుకోవచ్చు.

హైదరాబాద్ మురుగునీరు మూసీలో కలుస్తుందని మీకు తెలుసు. రేపు మూసీ చేపల గురించో, మీ ఊరి చెరువు గురించో ఇలాంటి వార్త వస్తే, బ్రిటన్ అంకెలను తెచ్చి అతికించకండి. అక్కడి చేప వేరు, నీటి వేడి వేరు, మురుగునీటికి జరిగే శుద్ధి వేరు. అంకెలకు బదులు ప్రశ్నలను తెచ్చుకోండి. నీటిలో ఏ రసాయనాన్ని కొలిచారు? చేపలో చూసింది ప్రోటీనా, కణజాలమా? దేనితో పోల్చారు? పిల్లలు పుడుతున్నాయా, సంఖ్య తగ్గిందా? ఈ నాలుగింటికి జవాబున్న వార్తను నమ్మండి. ఒక్కదానికే జవాబుంటే, ఆ ఒక్కదాని మేరకే నమ్మండి.

9.8 సారాంశం

చేపలలో లింగ వికాసం హార్మోన్లకు సులభంగా లొంగుతుంది. మురుగునీటిలోని సహజ, కృత్రిమ ఈస్ట్రోజన్లు, కొన్ని పారిశ్రామిక రసాయనాలు మగ చేపలలో విటెల్లోజెనిన్ తయారీకి, మధ్యలింగ స్థితికి దారితీస్తాయి. 1998 నాటి బ్రిటన్ సర్వే ఈ మార్పు నదులలో విస్తృతంగా ఉందని చూపింది, కానీ జనాభా గురించి చెప్పలేదు. 2007 నాటి కెనడా ప్రయోగం జనాభా కూలగలదని చూపింది, కానీ ఎక్కువ మోతాదుతో, తక్కువ ఆయుష్షు గల చేపలో, ఒకే సరస్సులో. తరువాతి పరిశోధనలు ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలిచాయి. సాక్ష్యాన్ని దాని స్థాయిలోనే ఉంచి చదవడం శాస్త్ర విద్యార్థికి మొదటి బాధ్యత.

9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శరీరం నిర్వీర్యం చేసి విసర్జించిన హార్మోను మురుగునీటిలో మళ్లీ ఎలా చురుకవుతుంది?
2. ఫాట్‌హెడ్ మిన్నో ఫలితాన్ని రోచ్ చేపకు నేరుగా ఎందుకు అన్వయించలేం?

II. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బ్రిటన్ నదుల సర్వే బలాలను, పరిమితులను విమర్శనాత్మకంగా చర్చించండి.
2. "జనాభా నిలబడి ఉందనడం వేరు, నష్టం లేదనడం వేరు." ఈ వాక్యాన్ని తగిన ఆధారాలతో సమర్థించండి, లేదా ఖండించండి.